బోర్లించిన గ్లాసు

మొదటి గ్లాసు ఎత్తి కిటికీ వెలుతురుకి అడ్డంగా పెట్టుకుని చూస్తున్నాను. రంగు చూడటానికి ముక్కుతో పనిలేదు, అందుకని రంగు దగ్గరే వీలైనంత సేపు కాలక్షేపం చేస్తున్నాను. లేత పసుపు, అడుగునుంచి సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి పైకి వస్తున్నాయి, పైన వేలెడు మందాన నురుగు, ఆ నురుగుకి అవతల బాయిలర్ మొహం, బల్లమీద రెండు మోచేతులూ ఆనించి, స్కానింగు రిపోర్టు చేతిలో పట్టుకున్న డాక్టరు ఎప్పుడు నోరు విప్పుతాడా అన్నట్టు నన్నే చూస్తున్నాడు. బాయిలర్ అన్నది వాడి పేరు కాదు, బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు బాయిలర్ దగ్గర పనిచేశాడు, ఆ పేరుతోనే రిటైరయ్యాడు. అదే ఫ్యాక్టరీలో రుచిగదికి నేను పెద్దని, ముప్ఫై ఒక్కేళ్ళు, నన్ను ముక్కు అనేవాళ్ళు, ఎదురుగా ఉంటే ముక్కుగారు. ఇప్పుడు ఈ షెడ్డులో, ఒకప్పుడు లారీలు రిపేరు చేసిన చోట, నాలుగు స్టీలు ట్యాంకులూ ఒక పొడుగాటి బల్లా వేసుకుని వీడు బీరు కాస్తున్నాడు. ఆరు రకాలు కాచాడు. ఆరూ ఆరు చిన్న గ్లాసుల్లో, చిల్లులు పెట్టిన చెక్కలో కూచుని నా ముందున్నాయి, నాకో చెక్క, వాడికో చెక్క, ఒక్కో చిల్లు పక్కన సుద్దముక్కతో అంకె. "రేపు పొద్దున్నే పెద్ద ట్యాంకు వెయ్యాలిరా. ఆరింట్లో ఒకటే. వచ్చే నెల తలుపులు తెరిచిన రోజున జనానికి పోసేది అదే. ఏదో నువ్వే చెప్పు, నాకు ఇంకెవడి మాటా అక్కర్లేదు," అన్నాడు నేను కుర్చీలో కుదురుకోకముందే. సరే అన్నాను. సరే అనడానికి కూడా ముక్కుతో పనిలేదు.

నాకు వాసన తెలియదు. ఈ మాట ఇంతవరకూ ఇంటివాళ్ళెవరితోనూ అనలేదు, లోపల అనుకుంటున్నప్పుడు కూడా ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించుకుంటాను. మూడు నెలల కింద జ్వరం వచ్చింది, జలుబు చేసింది, జ్వరం పోయింది, జలుబు పోయింది, పోతూ పోతూ వాసనని వెంటబెట్టుకు పోయింది. ఒక పొద్దున కాఫీకప్పు మొహం దగ్గరికి తెచ్చుకుంటే ఆవిరి తగిలింది, వేడి తగిలింది, కాఫీ మాత్రం లేదు. మా ఆవిడ పరధ్యానంగా వేణ్ణీళ్ళు పోసిందేమోనని కప్పులోకి తొంగి చూశాను. కాఫీ కాఫీలాగే ఉంది. తాగితే చేదు, కాస్త తీపి, అంతే. నాలుక కూలిమనిషి, తీపి, ఉప్పు, పులుపు, చేదు అని నాలుగు గంపలు మోసి దించుతుంది, ఆ గంపల్లో ఉన్నది కాఫీయా నారింజా అని పేరు పెట్టి పిలిచేది ముక్కే, ఈ సంగతి కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెప్పేవాణ్ణి, ముక్కు గట్టిగా మూసుకుని బిస్కెట్టు తినమనేవాణ్ణి, తింటున్నది వెనిలాయో నిమ్మో చెప్పలేక వాళ్ళు తెల్లమొహం వేస్తే భలే నవ్వేవాణ్ణి. ఎవరి ఉసురు తగిలిందో. మూడు బస్టాపుల అవతల, మనవాళ్ళెవరూ రాని ఆసుపత్రికి వెళ్ళి చూపించుకున్నాను. ఆ డాక్టరమ్మ కూతురి వయసుది, నెమ్మదిగా చెప్పింది, రావచ్చు, రాకపోవచ్చు, ఏడాది ఓపిక పట్టండి అని. నాలుగు చిన్న సీసాలు ఇచ్చింది, లవంగం, నిమ్మ, గులాబి, యూకలిప్టస్, రోజూ రెండు పూటలా ఒక్కోటి ఇరవై సెకన్లు వాసన చూస్తూ, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలిట. ఆ సీసాలు నా పాత బూట్లలో దాచాను. బాత్‌రూములో పంపు తిప్పి, ఆ చప్పుడు చాటున, దొంగతనంగా సిగరెట్టు కాల్చే కాలేజీ పిల్లాడిలా గోడకి ఆనుకుని నాలుగు సీసాలూ పీలుస్తాను. లవంగం దగ్గర అమ్మ గుర్తొస్తుంది, పంటినొప్పికి దూది ముంచి పెట్టేది. అమ్మ వస్తుంది కానీ లవంగం రాదు.

"ఏంట్రా, రంగు చూస్తూనే ముసలాడివైపోతావా?" అన్నాడు బాయిలర్.

తాగాను. చల్లగా ఉంది, నాలుక మీద చిటపటలాడింది, పోయింది. "తేలిగ్గా ఉంది. శుభ్రంగా ఉంది. దాహానికి బావుంటుంది, కబుర్లకి చాలదు," అన్నాను. అన్నీ నిజాలే, నాలుక చెప్పినవే, అబద్ధం ఆడలేదు అని లోపలివాడికి సర్ది చెప్పుకున్నాను. బాయిలర్ నేనన్న ప్రతి మాటా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు, పెన్సిలు కొన నాలుకతో తడుపుకుంటూ, బాయిలర్ గదిలో గంటగంటకీ ఆవిరి ఒత్తిడి రాసిన చేత్తోనే రాస్తున్నాడు, అదే గుండ్రటి అక్షరాలు. అప్పుడు తన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి దించేశాడు. మా రుచిగది పద్ధతి అది, చేసినవాడు ఆఖర్న తాగాలి, ఆఖర్న మాట్లాడాలి, లేకపోతే వాడి మొహం చూసి మిగతావాళ్ళు మాట మార్చేస్తారు. ఆ రూలు పెట్టినవాణ్ణి నేనే. ఇవాళ నాకు కావలసింది ఆ మొహమే. వాడి కనుబొమలు ఎక్కడ లేస్తాయో, ముక్కుపుటాలు ఎక్కడ విప్పారతాయో పట్టుకుంటే ఆ దారినే నేనూ నడిచిపోవచ్చు, కానీ వాడు నా తర్వాతే తాగుతున్నాడు, నేను నేర్పిన పద్ధతిని నా ఎదుటే తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. అయినా కళ్ళు వాడి మొహం మీదనుంచి తియ్యలేదు, కాపీ కొట్టడానికి కూచున్నవాడికి పక్కవాడి కాగితం తప్ప ఇంకేం కనిపిస్తుంది.

రెండోది మబ్బుమబ్బుగా ఉంది, గోధుమలు కలిపారుట. ఇది నాకు గండం కాదు, ఎందుకంటే ఇందాక లోపలికి వస్తుంటే బాయిలర్ కూతురు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో నీళ్ళ గొట్టం, ట్యాంకుల లెక్కా ఈస్టు లెక్కా అన్నీ ఆ అమ్మాయివే, తండ్రిది కాచే పని ఒకటే, ఆ అమ్మాయి ఉత్సాహం ఆపుకోలేక, "రెండోదాంట్లో నారింజతొక్క వేశాం బాబాయ్, మీరెలాగూ పట్టేస్తారనుకోండి," అనేసింది. నోట్లో నువ్వుగింజ నానదు దీనికి, చిన్నప్పట్నించీ అంతే. గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని, కళ్ళు సగం మూసి, ముక్కు లోపలికి గాలి పీల్చాను, ఎంత పీల్చినా గాలే, ఖాళీ ఇంట్లోకి వెళ్ళి మనుషుల్ని పిలిచినట్టు. ఒక గుక్క తాగి, కాస్త ఆగి, "నారింజ," అన్నాను. "పండు కాదు. తొక్క." బాయిలర్ అరచేత్తో బల్లమీద ఫట్‌మని కొట్టాడు, గ్లాసులన్నీ గలగలమన్నాయి. "చూశావుటే! ముక్కు ముక్కే!" అని ట్యాంకుల వైపు కేకేశాడు. అటునుంచి నీళ్ళ గొట్టం చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. నాకు చెవులు వేడెక్కాయి. ముప్ఫై ఒక్కేళ్ళ పేరుని ఒక నారింజతొక్క మీద నిలబెట్టుకున్నాను, అదీ అరువు తొక్క.

రుచిగదిలో తెల్ల పలకల గోడలు, పన్నెండు చెక్క గూళ్ళు, గూటికో మనిషి, రంగు తెలియకుండా ఎర్ర బల్బు. పన్నెండుమందీ పన్నెండు చోట్లనుంచి, ప్యాకింగునుంచి ఇద్దరు, గేటుదగ్గరనుంచి ఒకడు, బాయిలర్ దగ్గరనుంచి వీడు. ఆ రోజుల్లో నేను పెట్టిన రూళ్ళకి ఫ్యాక్టరీ అంతా నవ్వేది, పౌడరు రాసుకుని రాకూడదు, సెంటు కొట్టుకోకూడదు, వాసన సబ్బుతో చేతులు కడక్కూడదు. ఆ రూళ్ళలో ఒక్కటే అందరికీ నచ్చింది. ఏ రోజైనా, ఏ కారణానికైనా నీకు వాసన తెలియకపోతే, ఊహించి చెప్పకు, కప్పు బోర్లించు. బోర్లించిన కప్పుని ఎవరూ ఏమీ అడగరు. ఎందుకు అనరు, ఏమైంది అనరు, పక్క గూటికి వెళ్ళిపోతారు. జలుబు కావచ్చు, రాత్రి నిద్ర లేకపోవచ్చు, ఇంట్లో గొడవ కావచ్చు, ఎవరి బాధ వాళ్ళది. ప్యాకింగు అమ్మాయి ఒకావిడ నెల రోజులు వరసగా కప్పు బోర్లించింది, ఎవరూ కిక్కురుమనలేదు, నెల తర్వాత తనే సిగ్గుపడుతూ చెప్పింది మూడో నెల అని, వెనిలా వాసనకే కడుపులో తిప్పుతోందని. ఊహించి చెప్పినవాడు మాత్రం దొంగకింద లెక్క, ఒకడు ఊహించి చెబితే ఒక ట్యాంకు క్రీము పాడవుతుంది, ఇది నేను గోడ మీద పెద్దక్షరాలతో రాయించాను. ఆ గదిలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు కప్పు బోర్లించారు. బాయిలర్ అయితే చలికాలమంతా బోర్లించేవాడు, వాడి ముక్కు ఎప్పుడూ దిబ్బడే. బోర్లించనివాణ్ణి నేనొక్కణ్ణే. అమ్మ పోయిన నాలుగోరోజు కూడా వెళ్ళి కూచుని వెనిలాలో తేడా పట్టాను. ఊళ్ళోవాళ్ళకి గొడుగులు పంచి తను తడిసే మనిషినని అప్పుడు గర్వంగా ఉండేది, ఇప్పుడనిపిస్తోంది, తడవను అని చెప్పుకోవడానికే పంచానేమోనని.

మూడోది రాగిరంగు. చేదు నాలుక వెనక్కి వెళ్ళి అక్కడే మకాం వేసింది, మంచి చేదే, కక్ష కట్టిన చేదు కాదు, అంతకుమించి నాకేం తెలియదు. "చేదు నిలబడింది," అన్నాను, "తొందరపడదు." ఎంత పెద్దమనిషి మాటో. బాయిలర్ రాసుకుని తన గ్లాసు ఎత్తాడు, తాగి కళ్ళు మూసుకున్నాడు, మూసుకునే ఉన్నాడు, తెరిచి గ్లాసు వైపు చూసి మళ్ళీ ఎత్తి ఇంకో గుక్క తాగాడు, అప్పుడు నా చూపు గమనించి గబుక్కున దించి పెన్సిలు వెతుక్కున్నాడు. వాడి మీసం మీద నురుగు. ఇరవై ఆరేళ్ళు నిప్పు ముందు నిలబడి ఆ మొహం ఎప్పుడూ కందినట్టే ఉండేది, ఇప్పుడు మెత్తబడింది. వాడి భార్య పోయాక రెండేళ్ళు మనిషి మాట్లాడలేదు, ఒకరోజు కూతురు పాత స్టౌ మీద ఇరవై లీటర్ల గిన్నె పెట్టి, నాన్నా ఈ నీళ్ళు అరవయ్యేడు డిగ్రీల దగ్గర గంటసేపు కదలకుండా నిలబెట్టాలి, నావల్ల కావట్లేదు అందిట. అంతే. డిగ్రీ అటూ ఇటూ పోనివ్వకుండా వేడి నిలబెట్టడం వాడికి తెలిసినంత ఈ లోకంలో ఇంకెవరికి తెలుసు. గిన్నె ముందు నిలబడ్డాడు, మనిషి తిరిగొచ్చాడు. మూడేళ్ళు కాచాడు. రేపు వేసేది ఆ మూడేళ్ళూ కలిపి ఒక్క ట్యాంకు. అది ఏదవ్వాలో చెప్పాల్సింది నేను.

బల్లమీద ఫోను వెలిగింది, మా ఆవిడ. ఇది మూడోసారి. ఎత్తలేదు. ఎందుకు చేస్తోందో తెలుసు, నేను చేరానా లేదా అని కాదు, ఎక్కడికి బయల్దేరానో గుర్తుందా అని. నా చొక్కాజేబులో ఆవిడ మడిచి పెట్టిన చీటీ ఉంది, బస్సు నంబరు, దిగాల్సిన చోటు, ఇంటి ఫోను నంబరు. నలభై రెండేళ్ళుగా నాకు తెలిసిన ఊరు ఇది. కిందటి నెల పొయ్యి మీద పాలు పెట్టి అక్కడే బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్నాను, పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు చప్పుడు చెయ్యకుండా వస్తూనే ఉంది, నాకేం తెలుస్తుంది, మేడ మీదనుంచి ఆవిడ కేకలు వేసుకుంటూ దిగింది, పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, నా ఎదురుగా నిలబడి నా మొహంలోకి చూసింది. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది. "పాలు పెట్టినట్టు గుర్తులేదా అండీ?" అంది, ఎంతో మెల్లిగా, పసిపిల్లవాణ్ణి అడిగినట్టు. ఆ క్షణంలో నిజం చెప్పెయ్యొచ్చు. "మరిచిపోయాను," అన్నాను. మరిచిపోయాను అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నోట. అదేమీ చిన్న మాట కాదు ఆవిడకి. వాళ్ళ నాన్న ఆఖరి ఆరేళ్ళూ కూతుర్ని ఎవరమ్మా నువ్వు అని అడుగుతూ పోయాడు, ఆయనకీ ముందు పొయ్యి దగ్గరే మొదలైంది. అప్పట్నించీ అగ్గిపెట్టె దాచేస్తోంది, పొద్దున్నే ఇవాళ ఏ వారమండీ అని మాటవరసకి అడిగినట్టు అడిగి నేను జవాబు చెప్పేదాకా ఊపిరి బిగబట్టుకుంటుంది. నేను సరిగ్గానే చెబుతాను. అయినా పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకోవడం నాకు కనిపిస్తుంది.

దానికంటే ముందు సెంటు సంగతి. పెళ్ళయిన కొత్తలో ఆవిడకి వాసన పౌడరంటే ప్రాణం, నా ఉద్యోగం కోసం మానేసింది, నా చొక్కాలకి అంటుతుందని. నేను అడగలేదు, తనే మానేసింది, ముప్ఫై ఒక్కేళ్ళు ఏ వాసనా లేని సబ్బుతో బట్టలుతికింది, మేము ఏ వాసనా లేని మనుషులుగా ఒకే మంచం మీద పడుకున్నాం. నేను రిటైరైన ఏడాదికి, జ్వరం తగ్గిన వారానికి, చిన్న సెంటుసీసా కొనుక్కుని రాసుకుని వచ్చి, సిగ్గుపడుతూ చెయ్యి నా మొహం దగ్గర పెట్టింది. "ఎలా ఉంది?" అంది. సీసా మీద తెల్లపువ్వు బొమ్మ చూసి ఉన్నాను. "మల్లెపూల వాసన, బావుంది," అన్నాను. చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంది. "నిమ్మపూలదండీ ఇది," అంది. కళ్ళకి గంతలు కట్టినా నలభై వాసనలు పేరుపేరునా చెప్పే మనిషి నిమ్మని మల్లె అన్నాడు, అయితే పోయింది ముక్కు కాదు బుర్ర అనుకుంది, అనుకోదా మరి, ఆ ముక్కు పోతుందని ఎవరైనా కల గన్నారా. ముక్కు పోయిందని చెబితే నేను ఏమీ కాకుండా పోతానని నా భయం. మతి పోయిందని నమ్మి ఆవిడ కుంగిపోతోంటే చూస్తూ ఊరుకున్నాను. ఇంత నీచం నాలో ఉందని నాకే తెలియదు. ఆ సీసా మళ్ళీ తియ్యలేదు ఆవిడ.

నాలుగోది నల్లగా, గోధుమరంగు నురుగుతో. నల్లటిదానికి ఏం చెప్పాలో కళ్ళే చెబుతాయి, మాడిన చక్కెర, కాఫీ, కాల్చిన రొట్టె అంచు అని గడగడా అప్పజెప్పాను, నిజానికి అది ఆ బీరు కాదు, ఇరవై ఏళ్ళ కింద పాకం బాండీ మాడిపోయిన రోజు ఫ్యాక్టరీ అంతా అలుముకున్న వాసన, జ్ఞాపకంలోంచి తీసి వడ్డించాను. బాయిలర్ రాసుకున్నాడు, ఒక గుక్క తాగాడు, దించాడు.

ఐదోది. ఎరుపుకి దగ్గర, కొంచెం మసకగా. ఇదీ అలాగే గడిచిపోతుందనుకుంటూ ఏమీ ఆశ పెట్టుకోకుండా నోట్లో పోసుకున్నాను. నాలుక ఉలిక్కిపడింది. రెండు పక్కలా దవడల కింద నీళ్ళూరాయి, కళ్ళు చెమ్మగిల్లాయి, పులుపు, పదునుగా, నిటారుగా, తలుపు దబదబా బాది లోపలికి వచ్చినట్టు. మూడు నెలలుగా ఏది తిన్నా తడిసిన కాగితం నమిలినట్టే ఉంది, ఇంతసేపటికి ఒకటి నన్ను పేరు పెట్టి పిలిచింది. ఇంకో గుక్క తాగాను. ఇంకోటి. ఎవరి మొహమూ చూడలేదు, ఏ పెద్దమనిషి మాటా వెతుక్కోలేదు, "ఇదిరా! ఇదే! దీంట్లో ప్రాణం ఉంది," అన్నాను, నా గొంతులో సంతోషం నాకే వినిపించింది. పొద్దుట్నించీ నేనాడిన నిజమైన నిజం అదొక్కటే.

బాయిలర్ పెన్సిలు పట్టుకుని నా వైపు చూశాడు. రాయలేదు. తన ఐదో గ్లాసు ఎత్తాడు, ముక్కు దగ్గరిదాకా తెచ్చి అక్కడ ఒక్క క్షణం ఆగాడు, ఎంతసేపని, రెప్పపాటు, ఆవిరిముల్లు గీత దాటబోతుంటే వాడు కదలకుండా చూసే చూపు ఒకటి ఉండేది, ఆ చూపు చూశాడు, గ్లాసుని కాదు, నన్ను. అప్పుడు గ్లాసు ఎత్తి మొత్తం తాగేశాడు. చుక్క మిగల్చకుండా. నిండు గ్లాసు. "అవున్రా," అన్నాడు మూతి తుడుచుకుని. "బావుంది."

కూతురు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది, ఎలా సాగుతోందో చూద్దామని. బల్లకి రెండు బారల దూరంలోనే ఆగిపోయి ముక్కు చిట్లించింది. "ఏంటి నాన్నా ఈ కంపు? తడిబట్టలు మూటగట్టి మరిచిపోయినట్టు..."

"ఏం లేదులే. బయట కాలవ," అన్నాడు బాయిలర్.

"కాలవ కాదు, ఇక్కడే." వంగి నా చెక్క మీది గ్లాసులు ఒక్కోటీ వాసన చూస్తూ ఐదో దగ్గర తల వెనక్కి లాక్కుంది. "ఇదిగో, ఇదే! ఈ సీసాకి మూత సరిగ్గా పడలేదు నాన్నా, పాడైపోయింది, పులిసి వెనిగరయిపోయింది. అయ్యో, తాగలేదు కదా?" అంటూనే తండ్రి ఖాళీ గ్లాసు చూసింది. "తాగేశావా?"

"తాగాను. బాగానే ఉంది."

"బాగానే ఉండటమేంటి? చచ్చిన ఎలకలాగా..."

"బాబాయికి నచ్చింది," అన్నాడు బాయిలర్. మెల్లిగానే అన్నాడు, కానీ ఆ అమ్మాయి నోరు మూసుకుంది. తండ్రిని చూసింది, నన్ను చూసింది, నువ్వుగింజ నానని ఆ నోట మాట పడిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. "ట్యాంకు దగ్గర పంపు వదిలేసినట్టున్నాను," అని వెనక్కి వెళ్ళిపోయింది. పంపు చప్పుడేమీ లేదు. బాయిలర్ పెన్సిలు తడుపుకుని నోటుపుస్తకంలో అయిదు అంకె వేసి దాని చుట్టూ సున్నా చుట్టాడు. "అయితే రేపు ఐదోదే వేద్దాం, ఇదే పులుపుతో," అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా.

హాస్యం కాదు. వాడి సంగతి నాకు తెలుసు, వేసేస్తాడు. నా మొహం కందకుండా ఉండటానికి కుళ్ళిన నీళ్ళు గటగటా తాగినవాడు, నా పేరు నిలబెట్టడానికి మూడేళ్ళ కష్టాన్నీ నేను చూపించిన గోతిలో పోసేస్తాడు, పోసి, బావుందిరా అంటాడు, జీవితాంతం అంటాడు. అక్కడ ఇంట్లో ఒక మనిషి నా మూలంగా రోజూ చాటుగా కళ్ళు తుడుచుకుంటోంది. ఇంతమంది ఇన్ని విధాల మోస్తే గానీ నిలబడని ముక్కు, అదేం ముక్కు. ఆరో గ్లాసులో నురుగు దిగిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు. గోడ మీద నేనే రాయించిన అక్షరాలు గుర్తొచ్చాయి, ఊహించి చెప్పకు. ఐదో గ్లాసు అడుగున ఇంకా కాస్త మిగిలి ఉంది. గ్లాసు ఎత్తి బల్లమీద బోర్లించాను. మిగిలిన బీరు అంచు కిందనుంచి పారి, చెక్క పక్కగా, బాయిలర్ నోటుపుస్తకం దాకా వెళ్ళింది.

బాయిలర్ పుస్తకం పక్కకి జరిపాడు. భుజమ్మీది గుడ్డ తీసి తడి తుడిచాడు, గ్లాసు చుట్టూ తుడిచాడు గానీ గ్లాసుని కదపలేదు. ఏమైంది అనలేదు. ఎప్పట్నించి అనలేదు. ఎర్రబల్బు గదిలో పన్నెండుమంది పాటించిన పద్ధతిని అక్కడ ఒక్కడూ తప్పలేదు, ఇక్కడ వీడూ తప్పలేదు. గుడ్డ పిండి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆ పులుపుకే అయి ఉంటుంది.

"మూడోదిరా," అన్నాను.

"ఏం మూడోది?"

"రేపు వెయ్యాల్సింది. మిగతావన్నీ ఒక్కో గుక్క తాగి దించావు. మూడోదానికి కళ్ళు మూసుకున్నావు, మళ్ళీ ఎత్తావు. గంటనుంచీ నీ మొహం తప్ప నేనింకేం చూడలేదు. ఇది ఊహ కాదు, చూసి చెబుతున్నాను."

బాయిలర్ పుస్తకంలో మూడో అంకె మీద వేలు పెట్టాడు. "ఐదోది మొత్తం తాగాను కదా," అన్నాడు.

"అది బీరు కోసం తాగలేదుగా."

వాడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. పెన్సిలు తీసుకుని అయిదుని కొట్టేశాడు. అప్పుడు ఫోను మళ్ళీ వెలిగింది, బల్లమీద గుర్రుమంటూ పక్కకి జరిగింది, బాయిలర్ ఒక్క వేలితో దాన్ని నా వైపు తోశాడు, తోసి, కూతురు ఏం చేస్తోందో చూడాలన్నట్టు లేచి ట్యాంకుల మధ్యకి వెళ్ళిపోయాడు. ఎత్తాను. "చేరారా అండీ? ఎత్తకపోతే కంగారు పడ్డాను. మీ జేబులో చీటీ పెట్టాను చూశారా? తిరిగొచ్చే బస్సు నంబరు..." గొంతు మామూలుగా పెట్టుకోవడానికి ఎంత అవస్థ పడుతోందో, ఇన్నాళ్ళూ విననట్టు నటించిన ఆ అవస్థ ఇప్పుడు చెవిలో గుచ్చుకుంటోంది. "నాకు బస్సు నంబరు తెలుసు," అన్నాను. "అన్నీ గుర్తున్నాయి. నాకు మతిమరుపు లేదు. ముక్కు పోయింది."

అటునుంచి వంటింట్లో పంపు కారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది, ఆ పంపు బాగుచేయిస్తానని ఆర్నెల్లుగా అంటున్నాను, అదీ మరిచిపోలేదు, బద్ధకం. "జ్వరం వచ్చినప్పట్నించీ వాసన తెలియట్లేదు," అన్నాను. "గ్యాసు వాసన రాలేదు, అందుకే కూచున్నాను. నీ సెంటు వాసనా రాలేదు. బొమ్మ చూసి మల్లె అన్నాను. డాక్టరుకి చూపించుకున్నాను, నా పాత బూట్లలో నాలుగు సీసాలున్నాయి, వెళ్ళి చూడు. నీకు చెప్పలేకపోయాను. సిగ్గేసింది." ఇక ఆవిడ అయ్యో అంటుందని, అంత గొప్ప ముక్కు అని ఏడుస్తుందని, ముప్ఫై ఒక్కేళ్ళ సంతాపం మొదలవుతుందని చూస్తున్నాను.

"ముక్కా?" అంది.

"ముక్కే."

"ముక్కేనా? నిజంగా ముక్కొక్కటేనా అండీ?"

"ఆఁ."

కుర్చీ లాగిన చప్పుడైంది, కూలబడినట్టుంది. తర్వాత వినిపించింది ఏడుపో నవ్వో తెలియలేదు, రెండూ అయ్యుంటాయి, మధ్యలో అమ్మయ్య అంటోంది, మళ్ళీ అమ్మయ్య అంటోంది, నా సర్వస్వమూ పోయిందని నేను చెబితే, పోతే పోయింది గొడుగేగా అన్నట్టు ఆవిడ అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటోంది, నాకు కోపం రావాలి, రాలేదు, బల్లమీద బోర్లించిన గ్లాసు వైపు చూస్తూ ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుని, ముప్ఫై మూడేళ్ళుగా నాకు తెలిసిన ఆ దబాయింపు గొంతుతో, నెల రోజులుగా ఇంట్లో వినబడని ఆ గొంతుతో అంది:

"ఇంతేనా! దీనికా నన్నింత చంపారు? ఇంటికి ఒక ముక్కు చాలదుటండీ? నాది ఉందిగా."